నవ్వు వెనుక వాద్యము

రాత్రి ఎనిమిది గంటల వేళ మా డోను పట్టణమున ఏ వీధి వెంట నడచినను, ఏదో యొక యింటి కిటికీనుండి టీవీ ధారావాహిక చప్పుడు రోడ్డు మీదికి వచ్చుచునే యుండును. రాళ్ళను కోయు యంత్రముల హోరులో పగలెల్ల గడపిన చెవులకు మాటలు స్పష్టముగా అందకపోయినను, లోపల జరుగుచున్నది కంటతడి ఘట్టమో, కోడలిమీది కుట్రయో, లేక ఉత్త హాస్యమో, బాటసారికి నేపథ్య సంగీతమే ముందుగా తెలిపివేయును. వయొలిన్ల గుంపు విల్లును ప్రక్కన పెట్టి తీగలను వేలితో టుక్కు టుక్కున మీటుచుండగా, దాని క్రింద, ముక్కుపొడి పీల్చిన పెద్దమనిషి గొణిగినట్లు, లావుపాటి గొంతుగల యొక సుషిరవాద్యము అడుగులో అడుగు వేయుచు, నడుమ నడుమ కొయ్యమెట్ల మీదినుండి గోలీలు దొర్లినట్లు నాలుగు స్వరములు రాలినచో, అప్పుడా తెరమీద కొత్తల్లుడు వంటయింటి డబ్బాలోని జంతికలను దొంగిలించుచున్నాడనియో, మామగారు పంచె జారుచుండగా ఫోనులో గంభీరముగా ఇంగ్లీషు మాటలాడుచున్నారనియో నిస్సంశయముగా చెప్పవచ్చును.

ఆ గొణుగుడు వాద్యము పేరు బాసూన్. ఎనిమిది అడుగులకు పైబడిన కొయ్యగొట్టమును నడుమకు మడచి మనిషి ఛాతీయెత్తునకు కుదించి చేసిన యీ పాశ్చాత్య వాద్యమునకు, మన నాదస్వరమునకు వలెనే రెండు రేకుల పీక యుండును. కనుక దూరపు జ్ఞాతిత్వము కలదనవచ్చును. ఇటలీవారు దీనిని ‘ఫగొట్టో’ అందురు. ఆ మాటకు కట్టెలమోపని యర్థము. ఫ్రెంచి స్వరకర్త పాల్ డ్యూకా 1897లో రచించిన వాద్యకృతిలో మంత్రము వేసిన చీపురుకట్ట లేచి నడచునప్పుడు నడక దీనిదే. రష్యాదేశపు ప్రొకోఫియెవ్ 1936లో పిల్లలకొరకు పీటరు, తోడేలు కథకు సంగీతము కట్టినప్పుడు చిరచిరలాడు తాతగారి పాత్రను దీనికే అప్పగించెను. నేనీ వాద్యమును కంట చూచి యెరుగను; మా కర్నూలు, నంద్యాల, కడప ప్రాంతములలో చూచితినని చెప్పినవారిని కూడ ఎరుగను. అట్టిది ప్రతిరాత్రియు మా వీధిలో పది యిండ్లలో మ్రోగుచున్నది.

పూర్వము ఇది యిట్లు సాధ్యమగునది కాదు. తాడిపత్రి వాడైన కె.వి. రెడ్డి దర్శకత్వమున, కడప జిల్లా పొట్టిపాడు వాడైన నాగిరెడ్డి, చక్రపాణులు 1957లో ‘మాయాబజార్’ నిర్మించిన కాలమున, ఆ చిత్రములోని శర్మ శాస్త్రుల క్రింద ‘గిల్పము’ అను మంచము తిరుగబడుటకును ‘గింబళి’ అను కంబళి చుట్టుకొనుటకును తగిన సంగీతము వలెనన్న, మద్రాసులో వాద్యకారులను ఒక గదిలో చేర్చి, ఘంటసాలవంటి వారు ఎదుట నిలిచి వాయింపించి, అపస్వరము దొర్లినచో మరల మొదటికి వచ్చి, కొయ్యమీద చెక్కినంత శ్రద్ధతో ఒక్కొక్క తునకను సిద్ధము చేయవలసి యుండెను. ఆకాశవాణి 1952లో ఢిల్లీలో వాద్యవృందమును నెలకొల్పినప్పుడును పద్ధతి ఇదియే. సాలూరి రాజేశ్వరరావుకు జెమినీ స్టూడియోలో సహాయకుడుగా నుండిన మన వైణికుడు ఈమని శంకరశాస్త్రి, తరువాతి కాలమున ఆ వృందమును నడపినవారిలో నొకడు. తెరమీద అర నిమిషపు నవ్వునకు ముప్పది మంది జీతము: సినిమాకు చెల్లును గాని, దినదినమును ప్రసారము కావలసిన ధారావాహికకు చెల్లదు. మన తెలుగు ప్రైవేటు చానెళ్ళు జెమినీ, ఈటీవీ రెండును 1995లో పుట్టినవి. అవి పుట్టునాటికే వాద్యబృందము పెట్టెలోనికి ప్రవేశించి యున్నది.

పెట్టెలోనికి ఎట్లు ప్రవేశించినదో కొంచెము విపులముగా చెప్పెదను. ధాన్యపు మండీలో మచ్చు చూపి బస్తా అమ్ముదురు. ఈ విద్యలో మచ్చులతోనే బస్తాను నింపుదురు. నిజమైన వాద్యకారుని నిశ్శబ్దమైన గదిలో కూర్చుండబెట్టి, షడ్జము ఒక్కటి వాయింపించి పట్టుకొందురు. పిదప దాని ప్రక్క స్వరము. పిదప దాని ప్రక్కది. ఇట్లు పట్టిన ముక్కకే శాంపిలు అని పేరు. ఇంగ్లండులోని బర్మింగ్‌హామున 1963లో వెలువడిన మెలొట్రాన్ అను వాద్యములో ప్రతి మెట్టు క్రిందను ఒక్కొక్క టేపు ముక్క యుండెడిది; మెట్టును నొక్కిన ఎనిమిది సెకండ్లపాటు మ్రోగి ఆగిపోయెడిది. ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున కిమ్ రైరీ, పీటర్ వోగెల్ అను ఇద్దరు 1979లో ‘ఫెయిర్‌లైట్’ను బయటికి తెచ్చి టేపునకు బదులు కంప్యూటరు జ్ఞాపకములో ధ్వనిని దాచిరి, ఒక్క యంత్రపు వెల ఒక యింటి వెల. దానితో కూడ వచ్చిన మచ్చులలో, స్ట్రవిన్‌స్కీ కృతియైన ‘ఫైర్‌బర్డ్’నుండి కోసిన వాద్యబృందపు ఒక్క గుద్దు, ‘ఢాం’ అనునది, లోకమెల్ల తిరిగి 1980ల నాటి పాటలలో దుప్పటిమీద మరకవలె కనబడసాగెను. మన సినిమాపాటలో కీబోర్డు తిష్ఠ వేసినదియు ఆ దశకముననే. సాలూరివారి కుమారుడు కోటియు, తోటకూర సోమరాజును కలసి రాజ్ కోటి జంటగా స్వరములు కట్టుచున్న దినములలో వారికి కీబోర్డు వాయించిన యువకుడే అనంతరకాలపు ఎ.ఆర్. రెహమాన్.

1998లో గిగాశాంపిలర్ అను సాధనము వచ్చి, స్వరపు తొలి కొసను మాత్రము జ్ఞాపకములో నుంచుకొని తక్కినదానిని హార్డు డిస్కునుండి అప్పటికప్పుడు తోడుకొను ఉపాయమును కనిపెట్టుటతో మచ్చు పొడవునకు హద్దు తొలగిపోయినది. హెర్బ్ టుక్‌మండల్ అను చెల్లో వాద్యకారుడు వియన్నాలో సంస్థ నెలకొల్పి, మచ్చులు పట్టుటకే ప్రత్యేకముగా ఒక నిశ్శబ్ద మందిరమును కట్టించి, 2002లో తొలి సంపుటమును విడుదల చేసెను. లండనులోని మేడా వేల్ స్టూడియోలో బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రాను స్వరము స్వరమునకు పట్టి స్పిట్‌ఫైర్ అను సంస్థవారు 2019లో విడుదల చేసిరి; అందులో చిన్న సంపుటము ఉచితముగానే దొరకును, ఇన్నూరు మెగాబైట్ల చిల్లర. మా మేనల్లుని ల్యాప్‌టాపులో నున్నది అదియే. డోనులో బాసూన్ మ్రోగు వింతకు సమాధానము ఇంతే.

ఉచితమనగానే తేలికయని తలపరాదు. ఒక్క వయొలిన్ల గుంపు వేలిమీటునకే లెక్క వేయుదము: స్వరస్థానములు సుమారు 45, మెల్లగా, ఒక మోస్తరుగా, గట్టిగా, మిక్కిలి గట్టిగా అని నాలుగు బలములు, ఒక్కొక్కటి నాలుగేసి మారులు, వెరసి 720 మచ్చులు. నాలుగేసి మారులు ఎందుకన్న, ఒకే మచ్చు మరల మరల మ్రోగినచో చెవి వెంటనే మోసమును పసికట్టును. మనిషి వేలు ఏ రెండు మారులును ఒకే తీరున తీగను తాకదు. ఒకే మచ్చు వరుసగా పేలు ఈ దోషమునకు వృత్తిలోనివారు మరతుపాకి పేరు పెట్టిరి. చౌకబారు హాస్య ధారావాహికలలో మీటులన్నియు ఈ తుపాకినుండి వచ్చినవే.

ఇక్కడ నొక సంగతి కలదు. నా మట్టుకు ఈ విద్యయొక్క కీలకమంతయు అందులోనే యున్నదని తోచుచున్నది. మచ్చులకు దీర్ఘస్వరము పడదు. వయొలిన్ వాద్యకారుడు గాంధారమునుండి మధ్యమమునకు జారునప్పుడు ఆ రెండింటి నడుమ నున్న జారు ఏ మచ్చులోను ఉండదు. దానిని పట్టుటకు నడుమ దారులన్నిటిని వేరుగా పట్టవలయును. పట్టినను మన తోడిరాగపు కంపితము ముందు అది తెల్లమొగము వేయును. కనుక కన్నీటి ఘట్టమునకు మచ్చుల వయొలిన్లు వాయించినప్పుడు అద్దెకు తెచ్చిన ఏడుపువలె నుండును. హాస్యమునకట్లు కాదు. హాస్యమునకు వలసినది పొట్టి స్వరము. పుట్టి, టుక్కుమని, చచ్చిపోవు స్వరమునకు ముందు వెనుకల బంధుత్వమే లేదు. అది మచ్చుగా పట్టబడినను సంపూర్ణమే. యంత్రము ఏడ్పింపజాలదు గాని, మనిషి దగ్గర నున్నచో నవ్వింపగలదు.

మనిషి చేయవలసిన పని యేమియో నాకు తెలిసినది నా తప్పువలననే. నేను ముప్పదేండ్లు పౌరాణిక నాటకములకు హార్మోనియము వాయించినవాడను. మేనల్లుడు ఒక చిన్న హాస్యచిత్రపు ముప్పది సెకండ్ల తునకను తెచ్చి స్వరము కట్టుమనెను. తాతగారు కళ్ళజోడు నుదుటిమీద పెట్టుకొని ఇల్లెల్ల వెదకుచుందురు. కోడలు గుమ్మములో నిలిచి చూచుచుండును. పదునెనిమిదవ సెకండున తాతగారి మోచేయి తగిలి స్టీలు చెంబు క్రింద పడును. అంతే.

మన టీవీలో సెకండుకు ఇరువది యైదు బొమ్మలు కదలును. నిమిషమునకు నూరు దెబ్బల కాలప్రమాణము పెట్టుకొన్నచో దెబ్బకు పదునైదు బొమ్మలు, ఎక్కువయు లేదు తక్కువయు లేదు. ముప్పది సెకండ్లకు ఏబది అక్షరములు. ఆదితాళములో చెప్పవలెనన్న ఆరు ఆవర్తనములు పోగా రెండక్షరములు మిగులును. చెంబు పడునది ముప్పది అక్షరములు గడచిన పిమ్మట, ముప్పదియొకటవ దానిమీద. అనగా నాలుగవ ఆవర్తనములో ఏడవ అక్షరము, రెండవ ద్రుతపు దెబ్బ. ఎవరో కూర్చినట్లు చెంబు సరిగా తాళములో పడినది! నేను పొంగిపోయి, శంకరాభరణములో ముత్తుస్వామి దీక్షితులవారి నొట్టుస్వరముల తీరున, బ్యాండుమేళపు బాణీ యొకటి కట్టి, వేలిమీటు వయొలిన్లకు ఇచ్చి, చెంబు పడు చోట కొయ్యమెట్ల సైలోఫోనుతో పైనుండి క్రిందికి జలజలమని జార్చి, దానిమీద తాళముల జత మ్రోగించి, మేనల్లునికి వినిపించితిని.

వాడు రెండు మారులు విని, “మామా, చెంబు పడినప్పుడు చెంబు సప్పుడే సాలు గదా, మల్లా నువ్వెందుకు వాయించేది?” అనెను.

తెరమీది ప్రతి కదలికకును సంగీతముతో తాళము వేయు ఈ పద్ధతికి అమెరికావారు మిక్కీమౌస్ పేరే పెట్టిరి. టామ్ అండ్ జెర్రీకి స్వరములు కట్టిన స్కాట్ బ్రాడ్లీ చేతిలో అది అద్భుతమే. పిల్లి కాలు జారినను, ఎలుక మీసము కదిపినను స్వరము వెంట నుండును. కాని బొమ్మలకు చెల్లునది మా తాతగారికి చెల్లలేదు. మనుష్యుడు నటించునప్పుడు సంగీతము వాని వెనుక నడవవలయును గాని, వాని చేయి పట్టుకొని లాగరాదు. తిరిగి కూర్చుంటిని. ఈ మారు నాలుగవ ఆవర్తనములో అయిదవ అక్షరమునకే వాద్యములన్నిటిని ఆపివేసితిని. రెండక్షరములు, ఒక సెకండుకు కొంచెము పైన, నిశ్శబ్దము. ఏడవదానిమీద చెంబు తన చప్పుడు తానే చేసినది. ఎనిమిదవది ఖాళీ. మరుసటి ఆవర్తనపు సమముమీద బాసూన్ ఒక్కటి, గాంధారము, షడ్జము, రెండే స్వరములు, ‘ఊఁ, సరే’ అన్నట్లు. వంటయింటిలోనుండి మా ఇంటావిడ నవ్వినది. ఆమె తెరను చూడనేలేదు.

మేనల్లుడు ఇంకొకమారు చీవాట్లు పెట్టెను. కంప్యూటరు నా స్వరములన్నిటిని గీతమీదికి సరిగా లాగివేసినది. ప్రతి మీటును కొలతబద్దతో కొట్టినట్లుండెను. వాడు కూర్చుండి ఒక్కొక్కదానిని సెకండులో నూరవవంతో, రెండు వంతులో ముందుకును వెనుకకును జరిపెను. మూడవ ఆవర్తనములో ఒక నిషాదమును కావలెననియే కొంచెము బరువుగా, కొంచెము ఆలస్యముగా వదలెను. బడిపిల్లల వరుసలో ఒకడు అడుగు తప్పినట్లు వరుసకంతకు ప్రాణము వచ్చినది. ముప్పదేండ్లు అపస్వరమును తప్పించుకొనుటకే శ్రమపడిన నాకు, దానిని కొలిచి పెట్టు శిక్షణము ఈ వయస్సున లభించినది.

మా సీమకు ఈ విద్య కొత్తదికాదని చెప్పుటకు నాకు సాక్ష్యము కలదు. కడప జిల్లా సురభి గ్రామములో 1885లో ‘కీచకవధ’తో మొదలైన సురభి నాటకముల వారు వేదిక ప్రక్కన హార్మోనియమును, తబలాను పెట్టుకొని, గద తగిలిన క్షణమునకే దెబ్బ పడునట్లు వాయించుచు తరములు గడపిరి. అంతకంటె పాతది తోలుబొమ్మలాట. ధర్మవరము దగ్గరి నిమ్మలకుంటలో ఆ విద్యను నిలుపుకొన్న కుటుంబములు నేటికిని కలవు. అందులో దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చినది. రామరావణుల యుద్ధము నడుమ హాస్యపు బొమ్మలైన జుట్టుపోలిగాడు, బంగారక్క తెరమీదికి దూకినప్పుడు, ఆడించువాడు రెండు చేతులతో బొమ్మలను పట్టుకొని, కాలి క్రింద పరచిన చెక్కపలకను తొక్కి ‘ఫట్’మనిపించును. బంగారక్క చెంపదెబ్బ కొట్టుటకును పలక మ్రోగుటకును నడుమ రవంత యెడముండును. ఆ యెడమును ఎవరును వానికి కొలిచి చెప్పలేదు.

మనవారి హాస్యమునకు ఎల్లప్పుడును పెద్ద బృందమే కావలెననియు లేదు. 1986లో దూరదర్శనులో ‘మాల్గుడి డేస్’ వచ్చినప్పుడు ఎల్. వైద్యనాథన్ కట్టిన ముఖగీతములో జనుల నోట నిలిచినది ఒక గొంతులోని కూనిరాగమే. 2001నుండి 2007దాక జెమినీలో నడచిన ‘అమృతం’కు కల్యాణి మాలిక్ కట్టిన బాణీ మొదలు కాగానే ఇంటివారందరు కుర్చీలు జరుపుకొనెడివారు. అవి ఆ యా కథలకొరకే కుట్టిన చొక్కాలు. నేటి దినసరి ధారావాహికలలో నాకు రుచింపనిది ఇదియే: ఎడిటరు ముందు నవ్వుల తునకలు గల యొక మూట యుండును, ఏ నవ్వునకైనను అందులోనుండి తీసి అంటించును, ఒకే బాసూన్ మూడు చానెళ్ళలో మూడు కుటుంబముల తాతలను వెక్కిరించుచుండును. అన్నియు అట్లే పాడగునని మాత్రము అనజాలను. లూచానో మికెలీని 1974లో ఒక ఇటలీ సినిమాకు కట్టిన చిన్న తునకను, ఏండ్ల తరువాత ఒక బ్యాంకు ప్రకటనలో విని మనసు పడి, లారీ డేవిడ్ తన అమెరికా హాస్య ధారావాహికకు ముఖగీతముగా పెట్టుకొనెను. నేడు లోకమంతట ఎవడైన అభాసుపాలైనచో ఆ తునకయే వాయించుచున్నారు. మూటలోనుండి తీసినను, తీయువానికి చెవి యుండవలయును.

వాద్యకారుల పొట్ట కొట్టినదను నింద ఈ యంత్రముమీద కలదు. అది అబద్ధము కాదు. మద్రాసు స్టూడియోలలో దినమునకు రెండు మూడు రికార్డింగులతో బ్రదికిన వయొలిన్‌వారి పని చాలవరకు మచ్చులపాలైనది. 2012లో సవరించిన మన కాపీరైటు చట్టము స్వరకర్తకు రాయల్టీలో పాలు వ్రాసి యిచ్చుకొనుటకు వీలులేని హక్కుగా చేసినది గాని, మచ్చునకు ఒకనాడు వాయించి యింటికి పోయిన వాద్యకారునికి దానివలన ఏమైన ఒరిగినదని నేను వినలేదు.

మొన్న మేమిరువురము ఒక సాహసము చేసితిమి. ల్యాప్‌టాపులో లండను బాసూన్ కలదు, సైలోఫోను కలదు. మా చెక్కభజన చెక్కలు మాత్రము లేవు. రెండు కొయ్యపలకలకు ఇత్తడిబిళ్ళలు బిగించి ఒక చేతిలో ఆడించు ఆ చెక్కల చప్పుడు హాస్యమునకు చేసిపెట్టినట్లుండును: కొయ్య ‘టక్’మని ఆగును, బిళ్ళలు మాత్రము ఇంకను ఏదో చెప్పబోవుచుండును. భజనగుడి వారినడిగి ఒక జత తెచ్చి, లోపలి గది తలుపునకు దుప్పటి కట్టి, మడచిన తువాలుమీద ఫోను పెట్టి, నాలుగు బలములతో అయిదేసి మారులు, ఇరువది దెబ్బలు పట్టుటకు కూర్చుంటిమి. మొదటి విడత రాళ్ళ పాలిషింగు మిల్లు హోరునకు పోయినది. రెండవ విడత కరెంటు పోయినప్పుడు పెట్టుకొంటిమి. కరెంటు లేనప్పుడు మిల్లు నోరు మూసికొనును గనుక మాకదియే నిశ్శబ్ద మందిరము. పండ్రెండు దెబ్బలు చక్కగా వచ్చినవి. పదమూడవదానికి సరిగా, గుంతకల్లు వైపునుండి వచ్చు గూడ్సుబండి జంక్షను బయట కూత వేసినది. సికింద్రాబాదు, గుంతకల్లు, నంద్యాల మూడు దారులు కలియు ఊరిలో ఇంతకంటె మౌనమును ఆశింపరాదు. తక్కిన యేడింటిని అర్ధరాత్రి పట్టితిమి. కూతతో కూడిన పదమూడవదానిని మేనల్లుడు తుడిచివేయనీయలేదు. అది కీబోర్డు చివరి మెట్టుమీద నున్నది.

ఇది చదువు మీ ఊరిలో కూడ చెక్కలో, ఉరుముల వాద్యమో, పాత హార్మోనియమో, వాయింప నేర్చిన పెద్దవారో ఉండియే యుందురు. ఒక సాయంకాలము వారి ప్రక్కన కూర్చుండి, ఒక్కొక్క స్వరమును, ఒక్కొక్క దెబ్బను, మెల్లగా మొదలు గట్టిగా దాక, ఒక్కొక్కటి అయిదు మారులు, నడుమ అయిదు సెకండ్ల యెడముతో మీ ఫోనులో పట్టి, వాద్యము పేరు, ఊరి పేరు, తేదీ వ్రాసి దాచుడు. పట్టుటకు ముందు ఫాను ఆపుట మాత్రము మరువకుడు.